ఎర్రకొండల దారిలో ఊరి మాటే చెల్లాలి
ఆస్ట్రేలియాలోని తెలుగు సంఘాలకు, యాత్రకు బయలుదేరే కుటుంబాలకు విజ్ఞప్తి

ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి పడమటికి సాగే దారి ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న దారులన్నింటిలోకీ అందమైనది. మెక్‌డొనెల్ కొండలు మైళ్ల కొద్దీ రోడ్డును విడవవు. ఆర్మిస్టన్ లోయలో ఎర్రటి రాతిగోడల మధ్య మడుగు, ఆవల 1,380 మీటర్ల మౌంట్ సోండర్, ఆకాశం నుంచి పడిన తోకచుక్కో గ్రహశకలమో తవ్విన ట్నోరాలా గుంట, హెర్మన్స్‌బర్గ్ దాటాక మెరీనీ లూప్ మట్టిరోడ్డు, తర్వాత కింగ్స్ కాన్యన్, చివరికి ఉలూరు. శీతాకాలం బడి సెలవులు రాగానే తెలుగు కుటుంబాలు పెద్ద బండ్లు అద్దెకు తీసుకుని వెళ్లేది ఈ దారినే. తిరిగి వచ్చాక చూపించే ఫొటోల్లో కొండలుంటాయి, పిల్లలుంటారు. ఆ నేల ఎవరిదో వాళ్లు మాత్రం ఉండరు.

హెర్మన్స్‌బర్గ్ చుట్టుపక్కల, మెరీనీ లూప్ పొడవునా ఉన్నది ఆదివాసుల సొంత నేల. 1976 నాటి భూమిహక్కుల చట్టం వల్ల నార్తర్న్ టెరిటరీలో దాదాపు సగం నేల వారికి దక్కింది. మెరీనీ లూప్ మీద బండి నడపాలంటే అనుమతి పత్రం తీసుకోవాలి. రోడ్డు దిగి పక్కకు పోకూడదు, గుడారం వేయకూడదు. ఆ పత్రానికి కట్టే రుసుము చాలా చిన్నది. దాన్ని కూడా ఎగవేసే యాత్రికులకు కొండల మీద ప్రేమ ఉందంటే నమ్మడం కష్టం.

అతిథులు ఎంతకు దిగజారగలరో ఉలూరు చూపించింది. 1985 అక్టోబరు 26న ప్రభుత్వం ఆ కొండను అనంగు ప్రజలకు తిరిగి అప్పగించింది. అది తమకు పవిత్రమని, దయచేసి ఎక్కవద్దని వారు ఏళ్ల తరబడి బతిమాలుతూనే ఉన్నారు. 2017లో అక్కడి పార్కు పాలకమండలి ఏకగ్రీవంగా తీర్మానించి, 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం నిషేధించింది. ఆ కబురు విన్న జనం వెనక్కి తగ్గాల్సింది పోయి ఎగబడ్డారు. రోడ్ల పక్కన దొంగచాటు మకాములు వెలిశాయి, చెత్త కుప్పలు పడ్డాయి. ఆఖరి రోజు కొండ కింద వందల మంది వరస కట్టారు. ఇంటివారు వద్దన్న గదిలోకి తలుపు మూసేలోగా దూరిపోవడాన్ని ఏ భాషలోనూ యాత్ర అనరు.

అంతకంటే పెద్ద అన్యాయం ఈ దారిలోనే, హెర్మన్స్‌బర్గ్ బిడ్డకు జరిగింది. 1902లో అక్కడ పుట్టిన అరండ ఆదివాసి చిత్రకారుడు ఆల్బర్ట్ నమత్‌జిరా. ఈ కొండలను, తెల్లటి గమ్ చెట్లను నీటిరంగుల్లో లోకానికి చూపించినవాడు ఆయనే. 1938లో మెల్‌బోర్న్‌లో జరిగిన తొలి ప్రదర్శనలో బొమ్మలన్నీ అమ్ముడుపోయాయి. దేశమంతా ఆ బొమ్మలను గోడలకు తగిలించుకుంది. గీసిన మనిషి పశువుల మేతకు భూమి కౌలుకు అడిగితే ఇవ్వలేదు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇల్లు కట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. 1957లో ఆయనకూ భార్యకూ పౌరహక్కులు ఇచ్చి, పిల్లలకు ఇవ్వలేదు. మరుసటి ఏడు సొంత బంధువుకు మద్యం అందించాడన్న నేరం మోపి శిక్ష వేశారు. 1959లో ఆయన కన్నుమూశాడు.

దోపిడీ అక్కడితోనూ ఆగలేదు. 1983లో ఆయన ఆస్తి వ్యవహారాలు చూసే ప్రభుత్వాధికారి, పబ్లిక్ ట్రస్టీ, ఆ బొమ్మల కాపీరైట్‌ను కుటుంబానికి దక్కకుండా 8,500 డాలర్లకు ఒక ప్రచురణ సంస్థకు అమ్మేశాడు. 2017లో అది తిరిగి వచ్చేదాకా, 34 ఏళ్ల పాటు, తాత గీసిన కొండల మీద మనవళ్లకు చిల్లిగవ్వ రాలేదు. ఈనాటికీ ఆ దారిన పోయేవారు అందాన్ని ఆ కొండల నుంచి తీసుకుని, డబ్బును మాత్రం విమాన కంపెనీలకు, హోటళ్లకు, బండ్లు అద్దెకిచ్చేవారికి ఇస్తున్నారు. కొనే కానుకల్లోనూ మోసమే. ఇండోనేషియాలో చేయించిన బూమరాంగ్‌లను ఆదివాసుల చేతిపనిగా అమ్మినందుకు 2019లో ఫెడరల్ కోర్టు ఒక కంపెనీకి 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అలాంటి సరుకు తెలిసి తెలిసి కొనేవారికీ ఆ పాపంలో వాటా ఉంది.

అది తెల్లవారు చేసిన పాపం, వలస వచ్చినవారికి సంబంధమేమిటన్న వాదన ఒకటి వినిపిస్తుంది. దేశం ఇచ్చే సుఖాలన్నింటిలో వాటా కోరేవారు బాధ్యతలో మాత్రం వాటా వద్దనడం కుదరదు. ఆ నేలకు చెందిన గైడును ఒక పూట పెట్టుకుంటే ఖర్చన్న మాటకు జవాబే అక్కర్లేదు. బండి అద్దెకు వెనకాడనివారు ఆ ఒక్క పూటకు వెనకాడనక్కర్లేదు.

తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లోనే 1/70 చట్టం కట్టడి చేసింది. అయినా అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ గ్రామాల్లో గనులకు లీజులు ఇచ్చారు. వాటి మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా పోరాడి 1997లో గెలిచింది. బొర్రా గుహలు చూసి, అరకులో థింసా చూసి, ఊరి పేరైనా అడగకుండా కొండ దిగివచ్చే అలవాటు అక్కడిది. సముద్రం దాటినా ఆ అలవాటు వదల్లేదు.

కాబట్టి ప్రతి తెలుగు సంఘమూ వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం చేయాలి.

ఒకటి: అనుమతి పత్రం చేతిలో లేకుండా సంఘం పేరుతో ఏ బండీ ఆదివాసుల నేల మీదకు పోకూడదు.

రెండు: ప్రతి యాత్రలో కనీసం ఒక పూట ఆ నేలకు చెందిన గైడు వెంట నడవాలి, అడిగిన రుసుము బేరం లేకుండా ఇవ్వాలి.

మూడు: బొమ్మలు, కుండలు, కానుకలు ఆదివాసులు నడుపుకునే కళాకేంద్రాల్లోనే కొనాలి.

నాలుగు: ఎక్కవద్దన్న చోట ఎక్కకూడదు, ఫొటో వద్దన్న చోట ఫోను బయటికి తీయకూడదు. ఆ దారిలోని రంగుమట్టి గుంటలు, ఓకర్ పిట్స్, నుంచి చిటికెడు మట్టి కూడా తేకూడదు. మద్యం నిషేధించిన ఊళ్లోకి సీసా పోకూడదు.

ఈ నాలుగూ పాటించలేని సంఘం యాత్రలు కట్టడం మానుకోవాలి. పాటించేవారు సెలవులు మొదలయ్యేలోగా తీర్మానం చేసి, దాన్ని సభ్యులందరికీ పంపాలి.