మందుల కిటికీ దగ్గర ఎన్ని సెకన్లు?

ప్రభుత్వాస్పత్రి పనితీరు గురించి ఎప్పుడు మాట్లాడినా పడకలెన్ని, ఓపీ ఎంత, కాన్పులెన్ని అనే లెక్కలే ముందుకొస్తాయి. చీటీ రాయించుకుని ఇంటికెళ్లిన మనిషికి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలిసిందా అని అడిగేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నకు కొలబద్ద లేదా అంటే, ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లోనే తయారుచేసి ఇచ్చింది.

అది అడిగేది ఇంతే: డాక్టర్ రోగిని ఎంతసేపు చూశారు? మందులిచ్చే చోట ఎన్ని సెకన్లు కేటాయించారు? రాసిన వాటిలో ఎన్ని దొరికాయి? కవరు మీద రోగి పేరు, మందు పేరు, వేళలు ఉన్నాయా? మోతాదు రోగికి తెలుసా? స్టాప్‌వాచ్, కాగితం, ఓపిక ఉంటే చాలు. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలనలో డాక్టర్ రోగికిచ్చే సమయం స్వీడన్‌లో 22 నిమిషాలు దాటగా, మన దేశంలో రెండు నిమిషాల దగ్గరే ఆగింది.

డాక్టర్ దగ్గర చాలని సమయాన్ని ఫార్మసీ కిటికీ భర్తీ చేయాలి. కానీ వెనక వరుస తోస్తుంటే జరిగేది వేరు. కత్తెరతో స్ట్రిప్ కోస్తారు. గడువు తేదీ ఉన్న ముక్క అక్కడే మిగిలిపోతుంది. బీపీ మాత్రా తెల్లగా చిన్నదే, షుగరు మాత్రా తెల్లగా చిన్నదే. రెండూ ఒకే కవరులో పడితే, చదువురాని పెద్దావిడ రాత్రి ఏది తీసి వేసుకోవాలి? కవరు మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు అచ్చేయించడానికి అయ్యే ఖర్చెంత?

పద్ధతిగా చెప్పడం మనకు చేతకాని పనేమీ కాదు. కుక్క కరిస్తే హైదరాబాద్ వాసులకు మొదట గుర్తొచ్చేది నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). 0, 3, 7, 28 రోజుల్లో వేయించుకోవాల్సిన టీకాకు తేదీలు రాసిచ్చే అలవాటు మన ఆస్పత్రులకు ఉంది. రోజూ మింగాల్సిన బీపీ మాత్రకూ ఆ శ్రద్ధ దక్కాలి.

అదే నగరంలోని చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో కథ ఇంకోలా ఉంటుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు జ్వరమొస్తే ఓపీ వరుసలో నిలబడరు, మందుల షాపుకెళ్తారు. వైరస్ జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా మూడు మాత్రలు కొని, రెండు వేసుకుని, ఒంట్లో తేలికపడగానే ఆపేస్తారు. బ్యాక్టీరియా మందులకు లొంగకుండా మొండికెత్తడానికి ఇది రాచబాట. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న, ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 ప్రకారం, అందులోని యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మకాల రిజిస్టరును మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టర్లను తరచూ తెరిచి చూడాలి.

ఇక మందుల కిటికీ దగ్గర ఆ కొలత మొదలుపెట్టడానికి బషీర్‌బాగ్ పక్కనున్న కింగ్‌కోఠి ఆస్పత్రి, చుట్టుపక్కల బస్తీ దవాఖానాలు చాలు. ఆరేళ్ల ఫార్మ్‌డి కోర్సులో చివరి ఏడాది ఆస్పత్రిలోనే గడుస్తుంది. ఆ విద్యార్థులకు ఈ లెక్క అప్పగించవచ్చు. వంద చీటీలు చూసి, కిటికీ నుంచి బయటికొచ్చినవాళ్లను అడిగి, ఫలితాన్ని నెలనెలా ఓపీ గోడకు అంటించాలి. అందులో మొదట బయటపడేది సిబ్బంది కొరతే కావచ్చు. అప్పుడు ఉదయం రద్దీ వేళల్లో రెండో కిటికీ, దానికో ఫార్మసిస్టు కావాలని ఆర్థిక శాఖను అడిగే సూపరింటెండెంటు చేతిలో ఒక అంకె ఉంటుంది.