అటు వెళ్తే మైనస్ ఎందుకవుతుంది?

ఆరో తరగతి పిల్లాడికి 7 + 5 = □ + 3 అని రాసివ్వండి. చాలామంది గడిలో 12 వేసేస్తారు. లెక్క రాక కాదు. సమానం గుర్తు కనిపిస్తే 'ఇక జవాబు రాయి' అని ఒకటో తరగతి నుంచీ అలవాటైపోయింది మరి! బీజగణితమంటే భయం మొదలయ్యేది ఇక్కడే. నింద మాత్రం పాపం ఎక్స్ మీద పడుతుంది.

ఆ గుర్తు నిజానికి త్రాసు. ఎడమ పళ్లెంలో 12 ఉంటే కుడి పళ్లెంలోనూ 12 ఉండాలి. కాబట్టి గడిలో 9. ఆ గడికి పెట్టిన పేరే ఎక్స్. ఏ పేరైనా పర్లేదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని సంఖ్యల్ని 'యావత్తావత్', 'కాలకం', 'నీలకం', 'పీతకం' అన్నాడు. చివరి మూడూ నలుపు, నీలం, పసుపు రంగులే! ఎక్స్, వై, జడ్‌లకు 1637లో దెకార్త్ పుస్తకంతో ప్రచారం వచ్చింది.

ఇక 'అటు వెళ్తే ప్లస్ మైనస్ అవుతుంది' అనే మంత్రం సంగతి. ఎక్స్ + 3 = 12లో ఆ 3 ఎక్కడికీ వెళ్లదు. రెండు పళ్లేల్లోంచీ మూడేసి తీసేశామంతే. మరి రెండు ఎక్స్‌లు 10కి సమానమైతే? రెండు వైపులా సగం చేయాలి. మంత్రం బట్టీపట్టినవాడు 10లోంచి 2 తీసేసి 8 అంటాడు. కోప్పడకండి. ఆ 8ని ఎక్స్ స్థానంలో పెట్టి చూడమనండి. రెండు ఎనిమిదులు 16... త్రాసు ఒరిగిపోయింది. ఇప్పుడు 5 పెట్టమనండి.