కంప్యూటర్ కబుర్లు: ఆట తడబడుతున్నదా? కొనుగోలుకు ముందు అమరికలు చూడండి



సెలవులు ప్రారంభం కాగానే మన కాలనీ ఇళ్లలో తరచుగా వినిపించే వివాదం ఒకటి ఉన్నది. ఆట మధ్యలో తెరమీది బొమ్మ తడబడుతున్నదని, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనక తప్పదని పిల్లలు అంటారు. ఆటలే మానుకుంటే తడబాటూ ఉండదు, ఖర్చూ ఉండదని పెద్దలు అంటారు. వేలాది రూపాయలతో ముడిపడిన ఈ వివాదంలో ఇరుపక్షాలవారూ కారణం తెలుసుకోకుండానే తీర్పు చెప్పేస్తున్నారు. కర్మాగారంలో ఒక పంపు నీరు సరిగా ఎత్తకపోతే, జల్లెడలో చెత్త చిక్కుకున్నదేమో ముందు చూస్తాము; మొదటి రోజే కొత్త పంపుకు ఇండెంటు పెట్టము. ఇంటి కంప్యూటరు విషయంలోనూ అదే పద్ధతి పాటించవలసిందని ఈ నెల మా మనవి.

పిల్లలు ‘ల్యాగ్’ అని ఒక్క మాటలో తేల్చేది నిజానికి మూడు వేర్వేరు జాప్యాలు. మొదటిది, కంప్యూటరు చిత్రాలను తగినంత వేగంగా తయారు చేయలేకపోవడం. అప్పుడు కదలిక ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. రెండవది, మౌస్ కదిపిన క్షణానికీ, ఆ ఫలితం తెరమీద కనిపించే క్షణానికీ మధ్యనున్న ఎడం. బొమ్మ సాఫీగానే ఉంటుంది గాని చేతికి బరువుగా తోస్తుంది. మూడవది, ఇంటర్నెట్ దారిలో కలిగే ఆలస్యం. ప్రత్యర్థి ఒకచోట మాయమై మరొకచోట ప్రత్యక్షమవుతాడు. మనం ముందుకు నడిచినా ఆట మనలను వెనక్కు లాగుతుంది. తెర అమరికలు మొదటి రెండు జాప్యాలకే మందు. మూడవదానితో వాటికి నిమిత్తం లేదు.

తెరకూ వేగానికీ గల సంబంధం కేవలం లెక్క. సెకనుకు 60 చిత్రాలు కావాలంటే ఒక్కొక్క చిత్రానికి లభించే వ్యవధి 16.7 మిల్లీసెకండ్లు మాత్రమే. 1920×1080 రిజల్యూషన్‌లో ఆ స్వల్ప వ్యవధిలోనే 20,73,600 పిక్సెళ్లకు రంగు నిర్ణయించాలి. దానిని 1280×720కు తగ్గిస్తే పిక్సెళ్లు 9,21,600 అవుతాయి. అనగా సగానికన్న తక్కువ. ఈ సూత్రం కొత్తదేమీ కాదు. 1993 డిసెంబరులో వెలువడిన ‘డూమ్’ ఆట 320×200 రిజల్యూషన్‌తో, కేవలం 64,000 పిక్సెళ్లతో నడిచేది. ఆనాటి 386 యంత్రాలకు అదీ భారమే. అందుచేతనే ఆట దృశ్యాన్ని చిన్నది చేసుకొనే వీలు, చిత్ర వివరాలను తగ్గించుకొనే వీలు ఆ ఆటలోనే కల్పించారు.

ఇటీవలి ఉదాహరణ ఒకటి చూద్దాము. 2012లో వచ్చిన ‘కౌంటర్-స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్’ సామాన్యమైన కంప్యూటర్లలో కూడా చక్కగా నడిచేది. 2023 సెప్టెంబరు 27న వాల్వ్ సంస్థ దాని స్థానంలో ‘కౌంటర్-స్ట్రైక్ 2’ను ప్రవేశపెట్టింది. పాత మైదానాలు పలు మళ్లీ కనిపించాయి గాని, చిత్రాలను నిర్మించే యంత్రాంగం పూర్తిగా మారింది. అంతవరకు సాఫీగా సాగిన పాత కంప్యూటర్లు తడబడసాగాయి. అవి చెడిపోలేదు, వాటిపై భారం పెరిగింది. మన ఇళ్లలోనూ పలువురు ఆడే ఆట గనుక దీనినే నమూనాగా తీసుకొని వరుస వివరిస్తాము.

ఆటను తెరవక ముందే చూడవలసినవి మూడు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లో మానిటర్ కేబులు ఆ కార్డుకే తగిలించి ఉన్నదా? మదర్‌బోర్డు సాకెట్‌కు తగిలిస్తే, సాధారణంగా ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ భాగమే పనంతా మోస్తుంది. డబ్బు పోసి కొన్న కార్డు ఊరక కూర్చుంటుంది. రెండవది, మానిటర్ తన పూర్తి వేగంతో నడుస్తున్నదా? 144 హెర్ట్జ్ మానిటర్ కొని 60 దగ్గరే ఉంచుకొన్నవారు అరుదు కారు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అనే వరుసలో వెళితే రిఫ్రెష్ రేట్ కనిపిస్తుంది. 144 ఎంచుకుంటే తెర 16.7కు బదులు ప్రతి 6.9 మిల్లీసెకండ్లకు ఒకసారి మారుతుంది. మూడవది, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తగిలించే ఆడాలి. బ్యాటరీ మీద అది తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. టీవీని తెరగా వాడేవారు టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఉంచుకోవాలి. చిత్రానికి మెరుగులు దిద్దడానికి టీవీ తీసుకొనే సమయం అప్పుడు తగ్గుతుంది.

ఇక ఆటలోకి వద్దాము. ముందుగా కొలత. గేమ్ సెట్టింగ్స్‌లోని టెలిమెట్రీ విభాగంలో చిత్రాల సంఖ్యను, పింగ్‌ను తెరపై చూపమని కోరవచ్చు. ఒకే మైదానంలో ఒకే చోట నిలబడి సంఖ్య రాసుకోండి. తరువాత రిజల్యూషన్‌ను 1280×960కు తగ్గించి మళ్లీ చూడండి. పోటీలలో ఆడే ప్రముఖ క్రీడాకారులు పలువురు ఎంచుకొనేది ఈ రిజల్యూషనే కనుక దీనిని చిన్నతనంగా భావించనక్కరలేదు. సంఖ్య బాగా పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డుపై ఉన్నట్లు. ఏమాత్రం పెరగకపోతే వెనుకబడినది ప్రాసెసర్. అట్టి స్థితిలో ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా ఫలితం స్వల్పమే. ఖర్చులేని ఈ ఒక్క పరీక్ష ఎన్నో వృథా కొనుగోళ్లను నివారించగలదు.

భారం కార్డుదే అని తేలితే తగ్గించవలసిన వాటికి ఒక క్రమం ఉన్నది. అంచులను నునుపు చేసే మల్టీ శాంప్లింగ్, మూలలలో మసక నీడలు దిద్దే ఆంబియంట్ అక్లూజన్, షేడర్ వివరాలు ముందు తగ్గించండి. నీడల విషయంలో కొంత ఆలోచించాలి. మూల మలుపులో ప్రత్యర్థి కంటే ముందు అతని నీడ కనిపించే సందర్భాలు ఈ ఆటలో ఉన్నాయి గనుక, నీడలను చివరగా తగ్గించడం మేలు. టెక్స్చర్ వివరాలు ప్రధానంగా కార్డులోని మెమరీపై ఆధారపడతాయి. మెమరీ చాలినప్పుడు వాటిని తగ్గించినా ఒరిగేది తక్కువ. ఏఎండీ సంస్థ 2021లో విడుదల చేసిన ఎఫ్‌ఎస్‌ఆర్ పద్ధతి కూడా ఈ ఆటలో ఉన్నది. చిన్న రిజల్యూషన్‌లో చిత్రం గీసి తెరకు తగినట్లు పెద్దది చేయడం దాని పని. వేగం పెరుగుతుంది, దూరపు వస్తువుల స్పష్టత కొంత తగ్గుతుంది.

చేతికి బరువుగా తోచే రెండవ జాప్యానికి తరచు కారణం వీ-సింక్. చిత్రం అడ్డంగా చిరిగినట్లు కనిపించకుండా, తెర సిద్ధమయ్యేవరకు చిత్రాన్ని ఇది ఆపి ఉంచుతుంది. ఆ నిరీక్షణే చేతికి తెలిసే ఆలస్యం. గురిపెట్టే ఆటలలో దీనిని తీసివేయడం మంచిది. తీరికగా ఆడే ఆటలలో ఉంచుకొన్నా నష్టం లేదు. ఎన్‌విడియా కార్డు ఉన్నవారు రిఫ్లెక్స్ అనే అమరికను ఉపయోగిస్తే ఈ ఆలస్యం మరికొంత తగ్గుతుంది.

చిత్రాల సంఖ్య నిలకడగా ఉండి పింగ్ మాత్రం ఎగిరిపడుతుంటే, అమరికలతో కుస్తీ పట్టవద్దు. వైఫైకి బదులు రూటర్ నుండి నేరుగా కేబులు వేసి చూడండి. ఇంట్లో మరొకరు అదే సమయంలో పెద్ద డౌన్‌లోడ్ పెట్టలేదు కదా అని విచారించండి.

చివరగా ఒక నియమం. ఒకసారికి ఒక్క అమరికనే మార్చి, ఫలితాన్ని కాగితంపై రాయండి. అయిదు ఒక్కసారి మారిస్తే మేలు దేనివల్ల కలిగిందో తెలియదు. ఈ పనిని తండ్రీ కొడుకులు, తల్లీ కూతుళ్లు కలిసి చేస్తే మరీ మంచిది. అన్నీ చేసిన తరువాత కూడా ఆట తడబడితే, పిల్లల కోరిక సమంజసమేనని ఆ కాగితమే చెబుతుంది. కొనవలసినది కార్డా, ప్రాసెసరా అన్నదీ అదే చెబుతుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకొని వెళ్లవలసిందిగా కోరుతున్నాము.