అరకు కాఫీకి తగిన వెల

తూర్పుకనుమలలో సిల్వర్ ఓక్ వృక్షముల నీడను, మిరియపు తీగెల సాంగత్యమునఁ బెరుగు అరకు అరబికాకు 2017లోనే పారిస్ నగరమున విక్రయశాల వెలసినను, 2019లో భౌగోళిక గుర్తింపు లభించినను, కనుమల చెంతనున్న విశాఖలో నేఁటికిని పెక్కిండ్లలో చికోరి కలిపిన పొడియే రాజ్యమేలుచున్నది.

ఎఱ్ఱగాఁ బండిన పండ్లనే యేఱి, తోలు తీసి, పులియఁబెట్టి, కడిగి యెండబెట్టినచో నిర్మలమైన పులుపుగల కాఫీయు, తోలుతోనే యెండబెట్టినచో ఫలరుచి ప్రబలమగు కాఫీయు, జిగురును నిలిపి యెండబెట్టినచో తీపి యొలుకు 'హనీ' కాఫీయు సిద్ధించును. ఈ భేదములన్నియు గిరిజన కర్షకుల నేర్పుపైనను ఓర్పుపైనను ఆధారపడియుండఁగా, ఆ శ్రమకు వేఱుగా వెల కట్టకుండుట న్యాయము కాదు.

1956లో స్థాపితమై విశాఖ కేంద్రముగా నడచుచున్న గిరిజన సహకార సంస్థ రకమునుబట్టి ధర హెచ్చింపవలెను. విశాఖ వాసులును ఆ ధర నిచ్చుటకు వెనుదీయరాదు.