తెడ్డు పడితేనే వెన్నెల

భోపాల్‌లో సూర్యుడు చెరువులో అస్తమిస్తాడు, చంద్రుడు ఊళ్లోంచి ఉదయిస్తాడు. రెండూ ఒకే సాయంత్రం చూడాలంటే పౌర్ణమి వేళకు పడవ ఎక్కాలి.

చెరువంటే భోపాల్ చెరువే, మిగతావన్నీ కుంటలేనని అక్కడి సామెత. పదకొండో శతాబ్దంలో పరమార రాజు భోజుడు తవ్వించాడని చెప్పే బడా తాలాబ్ పాత నగరానికి పడమట 30 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుంది. కాళిదాసు కథల్లో తెలుగువారు విన్న భోజరాజు ఈయనే. చెరువులో బురుజు మీద నిలబడ్డ విగ్రహమూ ఆయనదే.

శ్యామలా హిల్స్ కింది బోట్ క్లబ్ నుంచి బయల్దేరేవారు ముందు పడమటికి తెడ్డు వేస్తారు. పొద్దు నీటిని తాకగానే పడవను వెనక్కి తిప్పాలి. చలికాలపు పౌర్ణమి చంద్రుడు తూర్పు నుంచి ఈశాన్యం వైపు జరిగి, కమలా పార్క్ మీదుగా పాత నగరం ఇళ్ల వెనక నుంచి పైకొస్తాడు. ఎండాకాలంలో ఆగ్నేయానికి మళ్లి శ్యామలా కొండ చాటున ఉండిపోతాడు, కనిపించడానికి మరికాస్త సమయం తీసుకుంటాడు. అందుకే వెన్నెల షికారుకు మార్గశిరం, పుష్యం మేలు.

తిథి కూడా చూసుకోవాలి. చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పౌర్ణమి నాడు దాదాపు సూర్యాస్తమయం వేళకే వచ్చే చంద్రుడు, చతుర్దశి నాడు వెలుగుండగానే వచ్చేస్తాడు. చీకటి పడేలోపు ఒడ్డు చేరాల్సిన వారికి చతుర్దశే అనుకూలం. దిగంతాన అతడు ఎర్రగా ఉండటానికి కారణం మధ్యలో ఉన్న దట్టమైన గాలి పొర. పెద్దగా అనిపించడం మాత్రం కంటి భ్రమే. చేయి చాచి బొటనవేలు అడ్డం పెడితే ఎర్రటి చంద్రుడూ, నడినెత్తిన తెల్లటి చంద్రుడూ ఒకే గోటి చాటున ఇమిడిపోతారు.

ఈ దృశ్యానికి తెడ్డే సరైన సాధనం. మోటారు బోటు రేపిన అలల్లో చంద్రుడి నీడ ముక్కలవుతుంది. అయితే 2023 సెప్టెంబర్‌లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇక్కడి క్రూజ్, మోటారు బోట్లను ఆపమన్నది వెన్నెల కోసం కాదు. భోపాల్‌లో లక్షలాది మంది తాగేది ఈ నీరే. అందులో డీజిల్, చమురు కలవడమే అభ్యంతరం. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కిన చిత్తడి నేల కూడా ఇది. పర్యాటక ఆదాయం పోతుందన్న వాదనకు బలం లేకపోలేదు. కానీ షికారు లేకపోయినా ఊరు బతుకుతుంది, తాగునీరు లేకుండా బతకదు.

మోటార్లు ఆపితే సగం పనే అయినట్టు. నాలాల మురుగు, పొలాల ఎరువులు, ఒడ్డు ఆక్రమణలు చెరువును వదలలేదు. పడవలకు తాళం వేయడం తేలిక, మురుగు నాలాకు అడ్డుకట్ట వేయడమే కష్టం. మురుగు నీటిలోనూ చంద్రుడు అందంగానే కనిపిస్తాడు. తేడా తెలిసేది మర్నాడు పొద్దున్నే కుళాయి తిప్పేవారికే.