సైనికుని బిడ్డ మనసు వినేదెవరు?

2025 మే 9న జమ్మూకాశ్మీర్‌లోని నియంత్రణ రేఖ వద్ద జరిగిన కాల్పుల్లో మురళీ నాయక్ అనే యువ సైనికుడు అమరుడయ్యాడు. ఆయన స్వగ్రామం శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కల్లి తండా. బాగేపల్లి ప్రాంతంలోని మాకు అది పరాయి సీమ కాదు; నడుమ ఉన్నది రాష్ట్రాల హద్దు మాత్రమే. ఆ వార్తకు ఇరువైపులా జనం కన్నీరు పెట్టారు. అమరుని కుటుంబానికి అండగా నిలవడం సమాజ ధర్మం. అయితే ఆ దినాల్లో మన దృష్టికి రాని వారు మరికొందరున్నారు. తండ్రి ఎక్కడో విధుల్లో ఉండగా, పల్లెలో టీవీ ముందు కూర్చుని ఆయన క్షేమవార్త కోసం ఎదురుచూసిన పిల్లలు వారు.

వేసవి సెలవుల తరువాత బడి తెరిచినప్పుడు మా ఏడవ తరగతి బాలుడొకడు ప్రతిదినమూ రెండవ పీరియడ్‌కే కడుపునొప్పి అని లేచేవాడు. ఆరోగ్య కేంద్రంలో చూపిస్తే జబ్బేమీ లేదన్నారు. నిదానంగా అడిగితే సంగతి బయటపడింది. మే నెలలో నాలుగు రోజులపాటు తండ్రి ఫోను పలకలేదు. ఇంట్లో టీవీ ఆపలేదు. "అడిగితే అమ్మ ఏడుస్తుందని నేను అడగలేదు సార్" అన్నాడు. భయం కడుపునొప్పిగా మారిందన్నమాట.

సైనికుల పిల్లలకు ఏ సదుపాయమూ లేదనడం న్యాయం కాదు. బదిలీలపై తిరిగే కేంద్ర ఉద్యోగుల పిల్లల కోసం 1963లో కేంద్రీయ విద్యాలయాలు ఆరంభమయ్యాయి. 1983లో ఏర్పడిన ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ ఆర్మీ పబ్లిక్ స్కూళ్లను నడుపుతున్నది. సీబీఎస్ఈ నిబంధనల ప్రకారం ఇటువంటి బడులలో కౌన్సెలర్ ఉండాలి. కాని ఈ బడులు ఎక్కువగా కంటోన్మెంట్లలోను, పట్టణాలలోను ఉన్నాయి. కుటుంబాన్ని వెంట తీసుకుపోవడానికి వీలులేని చోట తండ్రికి పోస్టింగ్ పడినప్పుడు, తల్లీబిడ్డలు అమ్మమ్మ ఊరికో నాయనమ్మ ఊరికో చేరుతారు. అక్కడి సర్కారు బడిలో ప్రవేశ పుస్తకంలో తండ్రి వృత్తి 'సైన్యం' అని వ్రాసుకుంటాము. అంతటితో మా బాధ్యత తీరినట్లే భావిస్తాము. ఉపాధ్యాయ శిక్షణలో మాకు బాలల మనస్తత్వ శాస్త్రం బోధించారు; దిగులుతో ఉన్న బిడ్డతో ఏమి మాట్లాడాలో అభ్యాసం చేయించలేదు.

భాష మరొక చిక్కు. మా పిల్లలకు ఇల్లు తెలుగు, బడి కన్నడం. తండ్రికి శాంతి ప్రాంతానికి బదిలీ అయి కుటుంబం వెంట వెళ్తే అంతా హిందీ, ఇంగ్లీషు. రెండు మూడేళ్లకు మళ్లీ మార్పు. పాఠం ఏ భాషలోనైనా నేర్వవచ్చును గాని, మనసులోని బాధ చెప్పుకోవడానికి ఇంటిభాషే కావాలి.

ఈ విషయంలో ఉపయోగపడే సేవ ఒకటున్నది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022 అక్టోబరు 10న టెలీ మానస్‌ను ప్రారంభించింది. 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. మాట్లాడే భాషను మనమే ఎంచుకోవచ్చు. తెలుగు కూడా ఉన్నది. సైనికులకు, వారి కుటుంబాలకు ప్రత్యేకంగా 2023 డిసెంబరు 1న పుణేలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో ఒక విభాగం కూడా ప్రారంభమైంది. ఈ నంబరు మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? బడి గోడమీద వ్రాయించడానికి ఏ జీవో అవసరం లేదు.

ఇంటి పెద్దలు చేయగలిగినవి కూడా ఉన్నాయి. "నాన్న వచ్చేదాకా ఇంటికి నువ్వే పెద్దదిక్కు" అని పదేళ్ల పిల్లవానితో అనకండి. ధైర్యం చెప్పాలనే మనం ఆ మాట అంటాము, కాని వాడు ఏడ్చే హక్కును పోగొట్టుకుంటాడు. ఉద్రిక్త దినాల్లో టీవీ కట్టివేయండి. తెలిసినంతవరకు నిజం చెప్పండి. పక్క తడపడం, ఊరకే కోపం, తిండి తగ్గడం, మార్కులు పడిపోవడం వారాల తరబడి సాగితే అల్లరి అని కొట్టకండి, వైద్యుని సలహా తీసుకోండి. జవానుకు ఏడాదిలో 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల సాధారణ సెలవు ఉన్నా, అవి పరిస్థితులు అనుకూలిస్తేనే దక్కుతాయి. వచ్చిన తండ్రి వద్దకు బిడ్డ వెంటనే చేరకపోతే నొచ్చుకోవద్దు. చేరువ కావడానికి కొన్నాళ్లు పడుతుంది.

ఇక ప్రభుత్వాలు చేయవలసినది. సైనిక సంక్షేమ కార్యాలయాలు, విద్యాశాఖ కలిసి ప్రతి తాలూకాలో ఇటువంటి పిల్లల జాబితా సిద్ధం చేయాలి. నెలకొకసారైనా కౌన్సెలర్‌ను బడులకు పంపాలి. సరిహద్దు తాలూకాలలో ఆ కౌన్సెలర్‌కు తెలుగు వచ్చి ఉండాలి. బడికొక ఉపాధ్యాయునికైనా తగిన శిక్షణ ఇవ్వాలి. ఇది కోట్ల రూపాయల పథకం కాదు.

మా బాలుడు ఇప్పుడు ఎనిమిదవ తరగతి. ప్రతి ఆదివారం సాయంత్రం తండ్రి ఫోను చేసే ఏర్పాటు చేసుకున్నారు. చేయలేని వారం ఉంటే ముందుగానే చెబుతున్నారు. కడుపునొప్పి తగ్గింది. ఒక్కరు కూర్చుని విన్నందుకే ఇంత మేలు జరిగింది. అటువంటి వారు ఎదురుపడని పిల్లల మాటేమిటి?