ఎంతమంది చేరారో కూడా చెప్పండి

న్యూయార్క్‌లోని చార్టర్ బడుల సంస్థ సక్సెస్ అకాడమీ వ్యవస్థాపకురాలు ఇవా మాస్కోవిట్జ్ గారికి,



2014లో న్యూయార్క్ రాష్ట్ర పరీక్షల్లో మీ బడుల పిల్లలు లెక్కల్లో 94 శాతం, ఇంగ్లీషులో 64 శాతం మంది గట్టెక్కారు. నగరం మొత్తమ్మీద ఆ అంకెలు 35, 29. ఎక్కువగా బీద నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాల పిల్లలు సంపన్నుల శివార్ల బడులను దాటిపోయారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారితో నాకు పొత్తు లేదు. నేను అడిగేది వేరు.

మీ బడులన్నిటికీ ఒకే సిలబస్, ఒకే క్రమశిక్షణ. సీట్లిచ్చేది లాటరీ. కాబట్టి ఒక బడికీ ఇంకో బడికీ తేడా వస్తే అందులో నేర్చుకోవలసింది ఉంటుంది. అయితే ఉత్తీర్ణత శాతం ఒక్కటే చూస్తే ఆ తేడా ఎక్కడిదో తెలియదు. ర్యాంకుల ప్రకటనలు చూస్తూ పెరిగిన తెలుగువాణ్ణి నేను. పత్రిక మొదటి పేజీలో నవ్వే ఫొటోలుంటాయి, మొత్తం ఎంతమంది రాశారో ఉండదు. అందుకే నాకు ముందు ఆ ప్రశ్నే తడుతుంది.

2006లో హార్లెంలో మీ తొలి బడి ఒకటో తరగతిలో 73 మంది. 2018లో మీ హైస్కూల్లో పట్టా అందుకున్న తొలి జట్టు 16 మంది. కొందరు వెనకబడి తరగతి మళ్ళీ చదివారు, కొందరు వెళ్ళిపోయారు. వెళ్ళిపోయేవారు పక్క ప్రభుత్వ బడుల్లోకన్నా తక్కువేనని మీ సంస్థ వాదన. కావచ్చు. కానీ ప్రభుత్వ బడిలో ఒకరు వెళితే ఆ సీట్లోకి ఏడాది మధ్యలోనైనా ఇంకొకరు వస్తారు, నిన్నగాక మొన్న దేశానికొచ్చి ఇంగ్లీషు రాని పిల్ల కూడా. నాలుగో తరగతి దాటాక కొత్తవారిని తీసుకోకపోవడం మీరు ఏళ్ళ తరబడి పాటించిన పద్ధతి. 60 మందిలో 45 మంది పాసైతే 75 శాతం. తప్పినవారిలో పదిమంది బడి మారితే, ఎవరికీ ఒక్క ముక్క అదనంగా నేర్పకుండానే అది 90 అవుతుంది.

మీ ఫోర్ట్ గ్రీన్ బడి జాబితాను నేను మరిచిపోలేను. ‘వెళ్ళాల్సినవారు’ అంటూ 16 మంది పిల్లల పేర్లు రాసుకున్నారని 2015 అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. వారిలో తొమ్మిదిమంది తర్వాత వెళ్ళిపోయారు. అది ఒక్కచోట జరిగిన పొరపాటన్నారు మీరు. బడులవారీ లెక్క ఉంటే ఆ మాట తేలిపోయేది. ఫోర్ట్ గ్రీన్‌లోనే ఎక్కువమంది వెళ్ళిపోయి ఉంటే అది అక్కడి ప్రిన్సిపాల్ తప్పు. అన్నిచోట్లా అంతే ఉంటే అది మీ విధానం.

2003లో నగర కౌన్సిల్ విద్యా కమిటీ అధ్యక్షురాలిగా మీరు టీచర్ల యూనియన్ ఒప్పందాలను బహిరంగ విచారణలో నిలబెట్టారు. అదే పట్టుదలతో మీ లెక్కలూ బయటపెట్టండి. ఒక్కో బడిలో, ఒక్కో తరగతిలో ఎంతమంది చేరారు, ఎంతమంది అదే తరగతి మళ్ళీ చదివారు, ఎంతమంది వెళ్ళిపోయారు, వారి చోట ఎంతమందిని తీసుకున్నారు. ఇవన్నీ ఉత్తీర్ణత శాతం పక్కనే, అదే సైజు అక్షరాల్లో, వచ్చే లాటరీకి తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టేలోపు.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు